ఈజిప్టు అమ్మణ్ణి చివరి మాట

ఆమె అసలు పేరు ఎమినె. ఢిల్లీలోని ఆర్.కె. పురం సర్కారు క్వార్టర్లలో ఇరవై తొమ్మిదేళ్లు కాపురం చేసినా ఆ పేరు అక్కడ పట్టుమని పదిమందికి తెలియదు. 1970లో కాకినాడలో అత్తగారు ఆ పేరు మొదటిసారి విని, ఒకటికి రెండుసార్లు పలకబోయి, "ఇదంతా నా వల్ల కాదు గానీ, అమ్మణ్ణి అంటాలే" అన్నారు. అదే స్థిరపడింది. క్వార్టర్లలో పెద్దలకు ఆమె ఈజిప్టు అమ్మణ్ణి, పిల్లలకు ఈజిప్టు ఆంటీ.

ఆమెను గురించి అక్కడ ఒక కథ ప్రచారంలో ఉండేది. ఈజిప్టు రాజుగారికి మనవరాలి వరస అవుతుందనీ, రాజభవనం విడిచిపెట్టి తెలుగు ఇంజనీరు వెంట వచ్చేసిందనీ. ఈ కథలో రెండు తప్పులున్నాయి. ఆమెకు రాజకుటుంబంతో రక్తసంబంధం లేదు. ఆమె దేశం వదిలేనాటికి తన సొంత కుటుంబం ఉంటున్నది భవనంలో కాదు, కైరోకు దక్షిణాన హెల్వాన్ పట్టణంలో అద్దెకు తీసుకున్న రెండు గదుల్లో. కథను పుట్టించింది ఆడపడుచు అన్నపూర్ణేశ్వరి. అబద్ధం చెప్పాలన్న ఉద్దేశం ఆవిడకు లేదు. వదిన చెప్పిన ముక్కల్లో నచ్చినవి ఏరుకొని, నచ్చనివి వదిలేసింది.

ఒకసారి క్వార్టరు వరండాలో కూర్చొని అన్నపూర్ణేశ్వరి ఎదురింటావిడతో ఈ మాటే చెబుతోంది.

"మా వదిన ముత్తవ్వ రాజుగారింట్లో పెరిగిన మనిషండీ. అంతఃపురంలో."

అమ్మణ్ణి చేటలో బియ్యం ఏరుతూ తల ఎత్తకుండానే అంది. "పూర్ణా, మీ ఇంట్లో గేదె కూడా పెరిగింది. అది మీకు చుట్టమా?"

"అదేం పోలిక వదినా?"

"కొన్నారు అంటున్నా. డబ్బిచ్చి కొన్నారు ఆమెని."

ఎదురింటావిడ నవ్వాలో వద్దో తెలియక లోపలికి వెళ్లిపోయింది. అమ్మణ్ణి తెలుగులో యాస మిగిలి ఉండేది గాని తప్పులు ఉండేవి కావు. అత్తగారి దగ్గర మూడేళ్లు కూర్చొని నేర్చుకున్న భాష అది.

ఆమె చెప్పిన ప్రకారం ఆ కుటుంబ చరిత్ర ఇది. ఆమె ముత్తవ్వ, అంటే తల్లికి అమ్మమ్మ, సుమారు 1866లో ఒట్టొమన్ రాజ్యంలో ఒక శరణార్థుల గుడిసెలో పుట్టింది. రష్యా సైన్యం తరిమివేయగా నల్లసముద్రం దాటి వచ్చిన చెర్కెస్ జాతివారు ఆమె తల్లిదండ్రులు. ఆ జనంలో ఆకలికి తాళలేక పిల్లల్ని అమ్ముకున్నవారున్నారు. ఈ పిల్లను ఐదారేళ్ల వయసులో ఇస్తాంబుల్‌లో ఒక దళారీ కొన్నాడు. అక్కడి నుంచి కైరోకు, ఖెదీవు బిరుదుతో ఈజిప్టును పాలిస్తున్న వంశంలోని ఒక రాకుమార్తె అంతఃపురానికి చేర్చారు. అక్కడ నెర్గిస్ అని పేరు పెట్టారు. అది ఒక పువ్వు పేరు. తల్లి పెట్టిన పేరు ఏమిటో ఆ వంశంలో ఎవరికీ తెలియదు.

నెర్గిస్‌కు కుట్టుపని, సంగీతం, మర్యాదలు నేర్పించారు. పద్దెనిమిదేళ్లు వచ్చాక బానిసత్వం నుంచి విముక్తి చేసి, ఒక అశ్వదళ అధికారికి ఇచ్చి పెళ్లి చేశారు. వెంట మూడు వందల ఫెద్దాన్ల భూమి ఇచ్చారు. ఫెద్దాను మన ఎకరం కన్నా కాస్త పెద్దది. ఇది దయతో చేసిన పని కాదు, పాలించే పద్ధతి. ప్రతి అధికారి ఇంట్లోనూ రాజభవనానికి రుణపడిన స్త్రీ ఒకతె ఉండేది. ఆ అధికారికి తర్వాత పాషా బిరుదు వచ్చింది. నెర్గిస్ పెద్దకూతురిని పాలకవంశంలోని ఒక చిన్న శాఖకు ఇచ్చారు. ఆరేళ్లకు కారణం చెప్పకుండా ఆమెను పుట్టింటికి పంపేశారు. పిల్లలిద్దరినీ మాత్రం ఉంచేసుకున్నారు. అన్నపూర్ణేశ్వరి చెప్పే రాచరికపు చుట్టరికం అంతా ఈ ఆరేళ్లే. రెండో కూతురికి మనవరాలు అమ్మణ్ణి.

ఇంట్లో మూడు భాషలు నడిచేవి. ఆడవాళ్ల గదుల్లో టర్కిష్, పనివాళ్లతో అరబిక్, అతిథులతో ఫ్రెంచి. "మా ఇంట్లో గడప దాటితే భాష మారేది" అని అమ్మణ్ణి అనేది.

నెర్గిస్ చావును గురించి ఆమె తన కూతురు సుభాషిణికి ఒకే ఒక్కసారి చెప్పింది. "1934లో పోయింది. అప్పుడు మా అమ్మ పక్కనే ఉంది. అరవై ఎనిమిదేళ్ల మనిషి, పాషాగారి భార్య. పోయే ముందు రెండు రోజులు అమ్మని పిలిచిందట. ఏ అమ్మని? తనని అమ్మిన అమ్మని."

అంతకు చాలాకాలం ముందు, తెలుగు నేర్చుకునే కొత్తలో, కాకినాడ ఇంటి ముందుకు వచ్చిన కూరగాయల మనిషితో అత్తగారు బేరమాడుతుంటే విని ఆమె ఒక ప్రశ్న అడిగింది. మీ భాషలో అమ్మకీ అమ్మడానికీ ఒకటే మాటా అని. అత్తగారు పొట్ట పట్టుకొని నవ్వి, వచ్చిన వాళ్లందరికీ ఆ ప్రశ్న చెప్పుకొని మురిసిపోయారు. అడిగిన మనిషి నవ్వలేదన్నది ఎవరూ గమనించలేదు.

1952లో రాజరికం పోయింది. బిరుదులు రద్దయ్యాయి, మిగులు భూమిని ప్రభుత్వం తీసుకుంది. 1961లో మిగిలిన ఆస్తిని కూడా స్వాధీనం చేసుకున్నారు. అధికారులు వచ్చి బీరువాలకు లక్క ముద్రలు వేశారు. ఆ మరుసటి వసంతంలో తండ్రి పోయాడు. ఎమినెకు అప్పుడు పద్దెనిమిదేళ్లు. హెల్వాన్‌లో ఒక విమాన ఇంజను తయారీకేంద్రంలో విదేశీ నిపుణుల మాటలను అనువదించే ఉద్యోగం దొరికింది. మన దేశం నుంచి అక్కడికి ఇంజను పరీక్షల కోసం వెళ్లిన ఇంజనీర్లలో భీమశంకరం ఒకరు. ఇంజను తిరుగుతున్నప్పుడు కలిగే కంపనాలను కొలవడం ఆయన పని. కొలతలు ఆయన ఇంగ్లీషులో చెప్పేవారు, ఆమె ఫ్రెంచిలోకి, అరబిక్‌లోకి మార్చేది.

ఆ దేశపు చట్టం ప్రకారం ముస్లిం స్త్రీ హిందువును పెళ్లాడటం కుదరదు. 1969లో అక్కడి పని ఆగిపోయి మనవాళ్లు తిరుగుముఖం పట్టారు. ఎమినె, ఉద్యోగం పనిమీద అలెగ్జాండ్రియా వెళ్లి రెండు రోజుల్లో వస్తానని తల్లికి చెప్పి ఢిల్లీ విమానం ఎక్కింది. కిటికీ దగ్గర కుట్టుపని చేసుకుంటున్న తల్లి, సముద్రపు గాలి ఉంటుంది శాలువా తీసుకెళ్లమని చెప్పింది. మళ్లీ వాళ్లు కలుసుకోలేదు. తల్లి 1973లో పోయిందన్న కబురు తొమ్మిది నెలలు ఆలస్యంగా, కైరో నుంచి వచ్చిన ఒక పరిచయస్థురాలి నోటి ద్వారా తెలిసింది. ఆ రోజు ఆమె వంట చేయలేదనీ, మరునాడు మామూలుగానే చేసిందనీ భీమశంకరం కూతురికి చెప్పారు.

అన్నను గురించి ఆమె ఇంట్లో చెప్పింది ఒక్క ముక్కే. "ఇహ్సాన్ అని ఒక అన్నయ్య. ఉన్నాడు." ఎందుకు మాటలు లేవని అడిగితే లేచి వెళ్లిపోయేది. పెళ్లే కారణమని ఇంట్లో అందరూ అనుకున్నారు. వేరే కారణం ఉండవచ్చని ఎవరికీ తోచలేదు.

భీమశంకరం 2009లో పోయారు. అప్పటి నుంచి ఆమె గురుగ్రామ్‌లో సుభాషిణి దగ్గర, పద్నాలుగో అంతస్తులోని ఫ్లాట్‌లో ఉండేది. సుభాషిణి ఒక మందుల కంపెనీలో పనిచేస్తుంది. కొత్త మందుల ప్రయోగాల్లో వచ్చిన అంకెలను పరిశీలించి, ఏ ఫలితం నమ్మదగిందో ఏది కాదో తేల్చడం ఆమె ఉద్యోగం. భర్త ఉద్యోగరీత్యా పుణెలో ఉంటాడు. కూతురు నేహా గ్రేటర్ నోయిడాలో ఇంజనీరింగు చదువుతూ హాస్టల్‌లో ఉంటుంది.

2023 అక్టోబరు చివరి వారంలో అమ్మణ్ణికి మెదడు ఎడమభాగంలో రక్తం గడ్డకట్టి కుడి పక్షం పడిపోయింది. ఆసుపత్రిలో కొన్నాళ్లు ఉంచుకొని, చేయగలిగింది చేశామనీ, ఇక వారాల లెక్కేననీ చెప్పి ఇంటికి పంపారు. నవంబరు పొగ అప్పటికే దిగింది. కిటికీలు మూసి, గాలిని శుద్ధిచేసే యంత్రం పెట్టినా గదిలో కాలిన వాసన ఉండేది. ఎదురు టవరు పగలు కూడా కనిపించేది కాదు.

చాలా భాషలు వచ్చినవారికి పక్షవాతం వస్తే ఏ భాష ముందు పోతుందన్న విషయంలో వైద్యులకే ఏకాభిప్రాయం లేదు. ఈమె విషయంలో మాత్రం నేర్చుకున్న క్రమానికి తలకిందులుగా పోయాయి. మొదట హిందీ పోయింది. తర్వాత తెలుగు. తెలుగులో ఆఖరున అన్నది "మంచినీళ్లు". ఆ తర్వాత ఇంగ్లీషు, ఫ్రెంచి. అరబిక్ ముక్కలు కొన్ని నాలుగైదు రోజులు నిలిచి అవీ పోయాయి. చివరికి ఒకే మాట మిగిలింది.

"అన్నె."

పొద్దున లేవగానే అనేది. పక్క మారుస్తుంటే అనేది. మధ్యాహ్నం, కళ్లు మూసుకునే ఉండి, తలుపు వైపు తిరిగి అనేది.

ఇంట్లో ఉండి చూసుకునేందుకు పెట్టుకున్న నర్సు అన్నమ్మది గుంటూరు దగ్గర పల్లె. మొదట్లో తననే పిలుస్తున్నారనుకుంది.

"మేడం, నన్నేనేమో అని పదిసార్లు లేచానండి. నీళ్లిస్తే మొహం తిప్పుకుంటారు. పక్క సర్దితే విసుక్కుంటారు. పెద్దమ్మగారు పిలిచేది నన్ను కాదండి."

"మరి ఎవర్ని?"

"అదే తెలవట్లేదండి. కానీ ఎవర్నో పిలుస్తున్నారు. ఊరికే అనే మాట కాదు. అన్నాక ఆగి చూస్తారు, వస్తారేమోనని."

ఆ ఆదివారం అన్నపూర్ణేశ్వరి మెట్రోలో వచ్చింది. ఆవిడకు డెబ్బై నాలుగేళ్లు. కొడుకు కూడా కేంద్ర ప్రభుత్వోద్యోగి కావడంతో ఆర్.కె. పురంలోనే ఉంటుంది. వదిన మంచం పక్కన కుర్చీ వేసుకొని గంటసేపు కూర్చుంది. తర్వాత హాల్లోకి వచ్చింది.

"ఏమే సుభా, వినపడట్లేదా నీకు? అన్న అంటోందే. వాళ్ల అన్నని పిలుస్తోంది."

"అన్నె అంటోంది అత్తయ్యా. అన్నా అనట్లేదు."

"మూతి ఒక పక్కకి లాగేసింది కదే. అన్నా అనబోతే అన్నె అని వస్తోంది. మీ నాన్న పక్షవాతంలో నన్ను పూర్ణా అనలేక పున్నీ అన్లా? ఒక అన్న ఉన్నాడని తనే చెప్పింది కదా."

"ఉన్నాడనే చెప్పింది. ఇంకేం చెప్పలా."

"చెప్పదు. మీ నాన్నని చేసుకున్నందుకు వాళ్లు కాదనుకున్నారు, ఈవిడ పట్టుదలకి పోయింది. ఇన్నేళ్లు బిగబట్టింది. పోయేముందు తోడబుట్టినవాడు గుర్తుకు రాడూ? ఆయన్ని ఒక్కసారి చూపించవే. బతికున్నాడో లేదో కనుక్కో ముందు."

"నానీకి బ్రదర్ ఉన్నారా? సీరియస్లీ?" అంది నేహా. అమ్మమ్మను నానీ అని పిలిచే ఆ పిల్ల ఆ వారాంతం హాస్టల్ నుంచి వచ్చి ఉంది.

సుభాషిణి మళ్లీ గదిలోకి వెళ్లి విన్నది. తల్లి అన్నది, తలుపు వైపు చూసింది. ఈసారి ఆ మాట స్పష్టంగా అన్న అనే వినిపించింది. అంతవరకు తల్లికి చేయగలిగిన పని ఏదీ లేకపోయింది. గుటక పడేలా జావ పట్టించడం, పుండ్లు పడకుండా పక్క మార్చడం, అంతే. ఇప్పుడు ఒక పని దొరికింది. తల్లి కళ్లు మూసేలోగా అన్నను ఆమెకు చూపించాలి.

వెతికే పని నేహా చేపట్టింది. "నానీ కా సర్‌నేమ్ క్యా థా?"

"ఇంటిపేరు చెప్పవే పిల్లకి," అంది అన్నపూర్ణేశ్వరి.

ఇంటిపేరు లేదు. ఆ దేశంలో మనిషి పేరు పక్కన తండ్రి పేరు, దాని పక్కన తాత పేరు ఉంటాయి. ఎమినె పేరు పక్కన తండ్రి, తాతల పేర్లు మాత్రమే ఉన్నాయి. అవి ఆ దేశంలో లక్షలమందికి ఉండే పేర్లు. కుటుంబాన్ని గుర్తుపట్టే ఒకే ఆనవాలు పాషా అన్న బిరుదు. అది రద్దయి డెబ్బై ఏళ్లయింది.

"పాషా అంటే మా కాకినాడలో కూడా ఉన్నాడు, టైర్ల షాపు," అంది అన్నపూర్ణేశ్వరి.

నేహాకు చివరికి పేరు ఉపయోగపడలేదు, ఫోటో ఉపయోగపడింది. అమ్మణ్ణి వెంట తెచ్చుకున్న ఒకే ఒక్క ఫోటోలో కైరోలోని పాత ఇంటి ముఖద్వారం ఉంది. కైరో పాత భవనాల ఫోటోలు పెట్టే ఒక ఫేస్‌బుక్ పేజీలో నేహా దాన్ని పెట్టింది. మూడో రోజు అలెగ్జాండ్రియా నుంచి తారిఖ్ అనే యువకుడు రాశాడు. అది తన తాత పుట్టిన ఇల్లని. తాత పేరు ఇహ్సాన్. వయసు ఎనభై నాలుగు. బతికే ఉన్నాడు.

సుభాషిణి అతనితో ఫోన్లో మాట్లాడింది. విషయం చెప్పింది. అతను తాతను అడిగి చెబుతానన్నాడు. సాయంత్రం జవాబు వచ్చింది. తాత వద్దంటున్నాడు. ఆమె తనను చూడటానికి ఇష్టపడదంటున్నాడు.

"ఇష్టపడటమేమిటి, పిలుస్తుంటే," అంది సుభాషిణి. "ఇప్పుడు ఆమెకు మిగిలిన మాట అదొక్కటే. మా భాషలో అన్న అంటే పెద్ద సోదరుడు. ఆమె పొద్దుటి నుంచి రాత్రి దాకా ఆయన్నే పిలుస్తోందని చెప్పండి."

అవతల వెనకనుంచి ఒక ముసలి గొంతు ఏదో అడగడం, తారిఖ్ చెప్పడం, మళ్లీ అడగడం వినిపించాయి. తర్వాత తారిఖ్ అన్నాడు. "తాత ఏడుస్తున్నాడు. ఆదివారం మాట్లాడతానంటున్నాడు. ఈలోగా మంగలిని పిలిపించమంటున్నాడు."

ఆదివారం మధ్యాహ్నం మంచాన్ని కాస్త ఎత్తి, అమ్మణ్ణి వీపు కింద రెండు దిండ్లు పెట్టారు. అన్నమ్మ జుట్టు దువ్వి, కొత్త దుప్పటి కప్పింది. నేహా తన టాబ్లెట్‌ను దిండుకు ఆనించి పట్టుకుంది. సుభాషిణి మంచం పట్టె మీద కూర్చుంది. అన్నపూర్ణేశ్వరి తలుపు దగ్గర నిలబడింది.

తెర మీద ఒక వృద్ధుడు కనిపించాడు. కోటు, టై, నున్నగా గీసిన గడ్డం. ముక్కు అచ్చం అమ్మణ్ణి ముక్కే. ఆయన తెరకు బాగా దగ్గరగా వచ్చి, ఎమినె అన్నాడు. తర్వాత అరబిక్‌లో నెమ్మదిగా ఏదో చెప్పాడు. అందులో ఇహ్సాన్ అన్న పేరు ఒక్కటే వీళ్లకు అర్థమైంది.

అమ్మణ్ణి చూసింది. పోల్చుకుంది. అందులో సందేహం లేదని ఆ గదిలో ఉన్నవాళ్లందరూ తర్వాత చెప్పారు. ఎడమ చేత్తో దుప్పటి అంచు పట్టుకొని మొహం మీదికి లాక్కుంది. పడిపోని చెయ్యి అదే. దుప్పటి కింద నుంచి ఆ మాట వినిపించింది. ఎప్పటిలా ఒకసారి అని ఆగడం కాదు. వరసగా, సాగదీస్తూ, ఫిర్యాదు చేసే చిన్నపిల్లలా.

"అన్నె... అన్నె... అన్నె..."

"వదినా, చూడు, మీ అన్నగారే," అంది అన్నపూర్ణేశ్వరి.

తెర మీద వృద్ధుడు వెనక్కి వాలాడు. కాసేపు విన్నాడు. తర్వాత ఇంగ్లీషులో అడిగాడు. "మీరు చెప్పిన మాట ఇదేనా?"

"ఇదే. మా భాషలో..."

"మీ భాషలో ఏమో నాకు తెలియదు. ఇది టర్కిష్. అన్నె అంటే అమ్మ. మేమిద్దరం అమ్మని అలాగే పిలిచేవాళ్లం. మా అమ్మ వాళ్ల అమ్మని, ఆవిడ వాళ్ల అమ్మని, అందరూ అలాగే." ఆయన టై ముడి సర్దుకున్నాడు. "నన్ను పిలవడం లేదు. నన్ను చూసి అమ్మకి చెబుతోంది. చిన్నప్పుడూ అంతే. నేనేమన్నా చేస్తే అలాగే మొహం కప్పుకొని అమ్మని పిలిచేది."

సుభాషిణి టాబ్లెట్ తీసుకొని హాల్లోకి వచ్చేసింది. గదిలో మాట ఇంకా వినిపిస్తూనే ఉంది.

"ఏం చేశారు మీరు?" అని అడిగింది.

ఆయన చెప్పడానికి వెనకాడలేదు. ఇన్నేళ్లకు అడిగిన మొదటి మనిషి ఆమేనేమో. 1961లో ఆస్తిని స్వాధీనం చేసుకోవడానికి అధికారులు వస్తున్నారని ముందే తెలిసి, తల్లి తన నగలను పిల్లల్ని పెంచిన దాది జైనబ్ ఇంట్లో దాచింది. ఆ సంగతి ఇంట్లో నలుగురికే తెలుసు. ఇహ్సాన్‌కు అప్పుడు ఇరవై రెండేళ్లు. ఇంజనీరింగు చివరి సంవత్సరం. దాచింది చెప్పకపోతే కాలేజీ నుంచి తీసేస్తామన్నారు. చెప్పాడు. జైనబ్‌ను తీసుకెళ్లారు. ఆమె తిరిగి రాలేదు. తండ్రి మంచం పట్టి లేవలేదు. తల్లి అతన్ని ఒక్క మాట అనలేదు, చివరిదాకా అతని దగ్గరే ఉంది. చెల్లెలు మాత్రం ఆనాటి నుంచి అతనితో మాట్లాడలేదు.

"పోయినసారి మీరు ఫోన్ చేసినప్పటి నుంచి," అన్నాడాయన, "తను నన్ను పిలుస్తోందనుకున్నాను. నాలుగు రోజులు."

సుభాషిణికి అడగడానికి ఒక్కటే మిగిలింది. "మా అమ్మమ్మ చివర్లో ఏమంది?"

"నేను ఆ రోజు ఇంట్లో లేను," అన్నాడు ఇహ్సాన్. తారిఖ్ చెయ్యి వచ్చి తెర ఆర్పేసింది.

ఆ సాయంత్రం సుభాషిణి బాల్కనీ తలుపు అద్దం దగ్గర నిలబడి పొగలోకి చూస్తూ ఉండిపోయింది. తల్లి నోట తెలుగు పోయి చాలా రోజులైంది. హిందీ, ఇంగ్లీషు, ఫ్రెంచి, అరబిక్ ఒక్కొక్కటిగా పోవడం తనే గమనించి వైద్యుడికి వరసగా చెప్పింది కూడా. అన్నీ పోయాక మిగిలిన మాట మొదటి భాషది కావాలి. ఆఫీసులో ఎవరైనా ఇలాంటి నిర్ధారణతో వస్తే ఆమె ఒక్క నిమిషంలో తిప్పి పంపేది. ఇంట్లో అది అన్న అని వినాలనుకుంది, అలాగే విన్నది.

అమ్మణ్ణి ఆ తర్వాత ఆరు రోజులు బతికింది. ఆ మాట మళ్లీ అనలేదు. తలుపు వైపు చూడటం కూడా మానేసింది. జావ చెంచా మూతికి తగిలితే పెదవులు బిగించేది.

"పిలవట్లేదండి మేడం," అంది అన్నమ్మ. "పిలిస్తే ఎవరొస్తారో చూశారు కదండీ."

అన్నమ్మ దాన్ని దెప్పిపొడుపుగా అనలేదు. ఉన్న విషయం చెప్పింది. సుభాషిణి ఒకరోజు గదిలో ఎవరూ లేనప్పుడు తల్లి చెవి దగ్గర వంగి, "అన్నె" అంది. పిలిచినట్టు ఉండాలో, పలికినట్టు ఉండాలో ఆమెకు తెలియలేదు. తెలుగు నోటికి ఆ మాట ఒత్తు ఎక్కువై వచ్చింది. మళ్లీ అంది. తల్లి కనురెప్పలు కదలలేదు. వినికిడి ఉండి ఉండవచ్చు, చెప్పలేమని వైద్యుడు అన్నాడు.

శనివారం ఉదయం ప్రాణం పోయింది. ఖననమే చేయాలని ఆమె ఎప్పుడో చెప్పి ఉంచింది. "మీ నాన్నని కాల్చాం కదే, ఇద్దర్నీ చెరో దిక్కు చేస్తావా?" అని అన్నపూర్ణేశ్వరి ఒకసారి అని, మళ్లీ అనలేదు. మట్టి వేసేటప్పుడు చెయ్యి వేసినవాళ్లలో ఆవిడ కొడుకూ ఉన్నాడు. సమాధి రాతి మీద ఎమినె అని చెక్కించారు. కింద తెలుగులో అమ్మణ్ణి అని ఉండాలనుకున్నా, ఆ అక్షరాలు చెక్కేవాడు దొరకలేదు.

పదో రోజున ఆర్.కె. పురం పాత పరిచయస్థులు కొందరు గురుగ్రామ్ ఫ్లాట్‌కు వచ్చారు. సుభాషిణి వంటింట్లో టీ కప్పులు సర్దుతోంది. హాల్లో అన్నపూర్ణేశ్వరి చెబుతోంది.

"ఆఖర్న ఒకటే మాటండీ. అన్నా, అన్నా అని. ఎక్కడో ఈజిప్టులో ఉన్నాడు ఆయన. మా మనవరాలు ఫోన్లో వెతికి పట్టుకుంది. ఆయన్ని చూశాక మరి నోరు విప్పలేదు. తృప్తిగా పోయింది."

"రాజవంశం కదండీ, ఆ అనుబంధాలు అలా ఉంటాయి," అన్నారెవరో.

సుభాషిణి ట్రే అక్కడే వదిలి వచ్చి ఆవిడను వంటింట్లోకి పిలిచింది.

"అత్తయ్యా, అన్న కాదు. నీకు చెప్పాను కదా."

"తెలుసులేవే." అన్నపూర్ణేశ్వరి గొంతు తగ్గించింది. "అమ్మని పిలిచిందని చెప్పనా? అమ్మని పిలుస్తుంటే ఆయన్నెందుకు తెచ్చి చూపించారని అడగరూ? చూపించమన్నది నేను. తెచ్చింది నువ్వు. ఏం చెబుతావు?"

సుభాషిణి సర్దిన కప్పులనే మళ్లీ సర్దింది.

"అందుకే," అంది ఆవిడ. కొంగుతో కళ్లు వత్తుకొని, టీ ట్రే తనే తీసుకొని హాల్లోకి వెళ్లిపోయింది.

నేహా ఫ్రిజ్‌కు ఆనుకొని ఇదంతా వింటోంది. చాలాసేపటికి అడిగింది. "మమ్మీ, ఎక్ బాత్ పూఛూఁ? నీకు అలా అయితే నువ్వు ఏం అంటావు? ఎండ్ మే?"

"ఏమో. నాకెలా తెలుస్తుంది?"

"నహీ, బతా దో. నాకు తెలియాలి. తెలుగులోనా, ఇంగ్లీష్‌లోనా? నేను రాంగ్ వింటే?"

సుభాషిణి కప్పు కడుగుతూ ఆలోచించింది. చిన్నప్పుడు క్వార్టరులో మెట్లెక్కుతూ తను ఏమని కేకేసేదో గుర్తుచేసుకుంది.

"అమ్మా అని," అంది.

నేహా తల్లిని మమ్మీ అనే పిలుస్తుంది. ఆ మాట ఆమె ఎప్పుడూ వాడలేదు. ఇప్పుడు నోట్లో పెట్టుకొని చూసినట్టు, కాస్త గట్టిగా, ఒకసారి పలికింది.

"అమ్మా."

హాల్లోంచి అన్నపూర్ణేశ్వరి గొంతు వచ్చింది. "ఏంటే, నన్నా?"